కన్వెన్షన్ సెంటర్ వల్ల ఊరికి నికరంగా ఎంత వస్తుంది? లెక్క కట్టే పద్ధతి మీద చర్చ

బెజవాడ_బాబ్జీ
కన్వెన్షన్ సెంటర్ కట్టాలనుకునే ప్రతి ఊరికీ ఒక ఫీజిబిలిటీ రిపోర్టు వస్తుంది. అందులో ఏటా ఇన్ని లక్షల మంది వస్తారు, ఇన్ని వందల కోట్ల ఆర్థిక ప్రభావం, ఇన్ని వేల ఉద్యోగాలు అని ఒక పేజీ తప్పకుండా ఉంటుంది. ఆ అంకె ఎలా పుట్టిందో మాత్రం రాయరు. దాన్ని ఎలా విప్పి చూడాలో తెలిసినవాళ్ళు చెప్పగలరా? అందరికీ తెలిసిన హైదరాబాద్ హెచ్‌ఐసీసీనే (మాదాపూర్‌లోని అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్) ఉదాహరణగా పెట్టుకుందాం. ముఖ్యంగా మూడు విషయాలు కావాలి: మనుషుల్ని ఎలా లెక్కపెట్టాలి, ఒక్కొక్కరి ఖర్చు ఎలా రాబట్టాలి, మల్టిప్లయర్ (వచ్చిన డబ్బు ఊళ్ళో చేతులు మారుతూ ఎన్ని రెట్లవుతుందో చెప్పే గుణకం) ఎంత వేయాలి.

పట్టికల_పంతులు
బాబ్జీ గారూ, అందరూ మల్టిప్లయర్ దగ్గరే పోట్లాడుకుంటారు కానీ, అసలు గోల్‌మాల్ దానికి ముందు మెట్టులోనే జరిగిపోతుంది. మనం కొలవాల్సింది హాల్లో ఎంత ఖర్చయింది అని కాదు. ఆ హాలు లేకపోతే ఊళ్ళోకి రాకుండా పోయే డబ్బు ఎంత అని. ఒక లెక్క చేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకు పెట్టుకున్నవే, వరస చూడండి.

మూడు రోజుల వైద్య సదస్సు, 2,000 రిజిస్ట్రేషన్లు అనుకోండి. గేటు దగ్గర బ్యాడ్జి స్కాన్లు రోజుకు 2,000, మూడు రోజులకు 6,000. రిపోర్టు ఈ 6,000ని 'సందర్శకులు' అంటుంది. ఒక్కొక్కరికి 12,000 రూపాయల ఖర్చు అంటే 7.2 కోట్లు. దానికి 2.5 మల్టిప్లయర్ వేస్తే 18 కోట్లు. పత్రికలో హెడ్డింగ్ వచ్చేస్తుంది.

ఇప్పుడు సరిగ్గా చేద్దాం. 2,000 మందిలో పదో వంతు డబ్బు కట్టి కూడా రారు. మిగిలింది 1,800. అందులో 45 శాతం ఊళ్ళోవాళ్ళు, లేదా పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోయేవాళ్ళు. వాళ్ళు ఇక్కడ పెట్టకపోతే ఆ డబ్బు ఇదే ఊళ్ళో ఇంకోచోట పెట్టేవాళ్ళే. బయటివాళ్ళు 990 మంది. వీళ్ళలో 15 శాతం చుట్టాలిళ్ళలో దిగుతారు. మిగతా 840 మంది సగటున 2.2 రాత్రులు ఉంటారు, గదికి 1.3 మంది. అంటే సుమారు 1,420 రూమ్ నైట్లు (ఒక గది ఒక రాత్రికి ఒకటి). రాత్రికి 5,500 చొప్పున 78 లక్షలు. తిండి, క్యాబ్, చిల్లర కొనుగోళ్ళు మనిషికి రోజుకు 2,500 అనుకుంటే 990 మందికి రెండున్నర రోజులకు 62 లక్షలు.

నిర్వాహకుల ఖర్చు 1.2 కోట్లు అనుకుందాం. అందులో స్థానిక వెండర్లకు వెళ్ళింది 70 శాతం, అంటే 84 లక్షలు. ఆ డబ్బులో బయటి నుంచి వచ్చిన ఫీజులు, స్పాన్సర్‌షిప్‌ల వాటా 60 శాతం, అంటే 50 లక్షలు. మొత్తం 1.9 కోట్లు. హాలు లేకపోయినా ఏదో ఒక హోటల్లో ఈ సదస్సు ఇక్కడే జరిగేది, లేదా వీళ్ళు వేరే పని మీద ఎలాగూ వచ్చేవాళ్ళే అన్న వాటాకు 20 శాతం తీసేస్తే 1.52 కోట్లు.

18 ఎక్కడ, 1.52 ఎక్కడ? మల్టిప్లయర్ ఇంకా ముట్టుకోలేదు.

బెజవాడ_బాబ్జీ
రిజిస్ట్రేషన్ ఫీజు ఎక్కడా కలపలేదేం? మనిషికి పది వేలు ఉంటుంది కదా.

పట్టికల_పంతులు
కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టే. ఆ ఫీజుతోనే నిర్వాహకుడు హాలు అద్దె, భోజనాలు, స్టేజి, ఆడియో-వీడియో ఖర్చులు కడతాడు. ఫీజునైనా లెక్కేయాలి, నిర్వాహకుడి స్థానిక ఖర్చునైనా లెక్కేయాలి, రెండూ కాదు. నా ఓటు రెండోదానికి. ఎందుకంటే ఢిల్లీలో ఆఫీసున్న సంఘం ఇక్కడ సదస్సు పెడితే ఫీజులో మిగులు ఢిల్లీకే పోతుంది.

విమానం టికెట్టూ అంతే. డెలిగేట్ ఖర్చులో పెద్ద ముక్క అదే, ఊళ్ళో మిగిలేది మాత్రం ఎయిర్‌పోర్టు రుసుము, క్యాబ్ కిరాయి. బయట చీర కొంటే బిల్లు మొత్తం కాదు, కొట్టువాడి మార్జిన్ మాత్రమే లెక్కలోకి రావాలి, అది స్థానికంగా నేసిన చీరైతే తప్ప.

మాదాపూర్_మల్లన్న
హెచ్‌ఐసీసీ సంగతి వచ్చింది గాబట్టి ఒక మాట. 2003ల హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్, 2006 జనవరిల హెచ్‌ఐసీసీ వచ్చినయి. పక్కనే నోవోటెల్. ఆ ఏడాది మే నెలల ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) వార్షిక సమావేశం అక్కడనే అయింది. తర్వాత 2010 ఆగస్టుల గణిత శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ కాంగ్రెస్, 2012 అక్టోబర్ల జీవవైవిధ్య సదస్సు కాప్-11, 2017 నవంబర్ల జీఈఎస్ (ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు). ఇవి నికరంగ బయటి డబ్బు తెచ్చినయి, అనుమానం లేదు.

కానీ హోటల్ గదుల లెక్క దగ్గర ఒక తిరకాసు ఉంటది. మాదాపూర్, గచ్చిబౌలి హోటళ్ళు సోమవారం నుంచి గురువారం దాకా ఐటీ కంపెనీల గెస్టులతోనే నిండుతయి. మంగళవారం నాడు సదస్సు పెట్టి 600 గదులు తీసుకుంటే, ఆ గదులు ఖాళీగ ఉండేటివి కావు గదా. కంపెనీ గెస్టు బేగంపేటకో బంజారాహిల్స్‌కో జరిగిండు, లేదంటే ట్రిప్పు వాయిదా వేసుకున్నడు. ఊరికి అదనంగ వచ్చింది పెరిగిన రేటు, కొంచెం పొంగి వేరే హోటళ్ళకు పోయిన గిరాకీ, అంతే. అదే సదస్సు శుక్ర, శని, ఆదివారాలు పెడితే దాదాపు ప్రతి గదీ అదనమే. ఒకే ఈవెంట్, తారీఖు మారితే లెక్క మారుతది. రిపోర్టుల ఈ ముచ్చట ఎవడూ రాయడు.

సర్వే_సరళ
మనుషుల లెక్క గురించి నేను చెప్తాను. సర్వే చెడిపోయేది ఎక్కువగా నాలుగు చోట్ల.

టైము మొదటిది. ఆఖరి రోజు మధ్యాహ్నం ఫారాలు పంచుతారు. అప్పటికి బయటూరివాళ్ళు ఫ్లైటు కోసం వెళ్ళిపోయి ఉంటారు, హాల్లో ఉండేది లోకల్స్. మూడు రోజుల సదస్సుకి రెండో రోజు టీ బ్రేకులు, లంచ్ క్యూ సరైన చోటు. ప్రతి ఇరవయ్యో మనిషిని ఆపాలి, ఖాళీగా కనబడ్డవాళ్ళని కాదు.

ప్రశ్న వేసే తీరు రెండోది. "ఈ ట్రిప్పులో మొత్తం ఎంత ఖర్చు పెట్టారు?" అంటే నోటికొచ్చింది చెప్తారు. "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా దేనికెంత?" అని అడగాలి: గది, తిండి, తిరుగుడు, షాపింగ్ విడివిడిగా. ఆ బిల్లు ఎంతమందిదో కూడా తప్పనిసరిగా అడగాలి. నలుగురి డిన్నర్ బిల్లు ఒకడు తన ఖాతాలో చెప్పేస్తే సగటు ఎక్కడికో పోతుంది. గది కంపెనీ బుక్ చేస్తే రేటు ఆయనకి తెలియదు, దాన్ని సున్నా అని రాసుకోకూడదు. హోటల్ పేరు రాసుకుని రేటు వేరేగా తెచ్చుకోవాలి.

మూడోది ఊరు. "మీది ఏ ఊరు?" అంటే సొంతూరు చెప్తారు. ఇరవై ఏళ్ళుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాయన "మాది భీమవరం" అంటాడు, ఆయన్ని బయటివాడి కింద రాసేసుకుంటారు. ఇల్లున్న చోటి పిన్‌కోడ్ అడగండి. గొడవే ఉండదు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: "ఈ సదస్సు లేకపోతే ఈ నెలల్లో ఈ ఊరికి వచ్చేవారా?" చాలామంది మనవాళ్ళు ఎలాగూ రావాల్సిన పనికి సదస్సు తారీఖు కలుపుకుంటారు. అమెరికా నుంచి వచ్చే డాక్టర్లయితే అమ్మానాన్నల్ని చూడడానికి వచ్చే ట్రిప్పులోనే దీన్ని పెట్టుకుంటారు. వాళ్ళు పెట్టే ఖర్చంతా సదస్సు పుణ్యం కాదు.

శాంపిల్ 400 ఉంటే నిష్పత్తులకి 95 శాతం నమ్మకంతో అటూ ఇటూ 5 శాతం తేడా. అందులో బయటివాళ్ళు 220 మందే ఉంటే వాళ్ళ వరకు తేడా 6.6 శాతం. ఖర్చుకి ఈ సూత్రం నేరుగా పనికిరాదు, ఎందుకంటే ముత్యాల హారం కొన్న ఇద్దరు సగటునే లాగేస్తారు. పైనా కిందా చెరో 5 శాతం కత్తిరించి చూడండి, మీడియన్ (వరసగా పేరిస్తే మధ్యన పడే అంకె) కూడా పక్కన రాయండి. డెలిగేట్, ఎగ్జిబిటర్, స్పీకర్, వెంట వచ్చిన కుటుంబ సభ్యులు, ఈ నాలుగు వర్గాలకీ విడివిడిగా సగటు తీసి, రిజిస్ట్రేషన్ డెస్క్ లెక్కతో తూకం వేయాలి. స్పీకర్‌కి గదీ భోజనం నిర్వాహకుడే పెడతాడు, అది ఆయన ఖాతాలో మళ్ళీ రాకూడదు.

వైజాగ్_వాసు
'హాలు లేకపోతే' అన్న ప్రశ్నకి మా ఊరే సాక్ష్యం. 2023 మార్చిలో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్, 2025 నవంబర్లో సీఐఐ భాగస్వామ్య సదస్సు, రెండూ ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్స్‌లో తాత్కాలిక హ్యాంగర్లు వేసి చేశారు. శాశ్వత కన్వెన్షన్ సెంటర్ లేకుండానే వచ్చాయి. రేపు కొత్తది కట్టి, అలాంటి సదస్సు అందులో పెట్టి, ఆ ఖర్చంతా భవనం ఖాతాలో రాస్తే అది కాకిలెక్క. భవనం వల్ల మిగిలేది టెంట్ల ఖర్చు, వానొస్తే వచ్చే రిస్కు, అంతవరకే.

సదస్సులో కుదిరిన ఎంఓయూల మొత్తాన్ని కూడా ప్రభావంలో కలిపేసేవాళ్ళున్నారు. ఎంఓయూ అంటే పెట్టుబడి కాదు. అది పెట్టుబడి అయినా హాలు వల్ల రాలేదు. భూమి, కరెంటు రేటు, రాయితీల వల్ల వచ్చింది.

బెజవాడ_బాబ్జీ
మరి మా వైపు పెద్ద హాళ్ళన్నీ పెళ్ళిళ్ళతోనే నడుస్తాయి కదండీ. ఆ ఆదాయం సంగతి?

మాదాపూర్_మల్లన్న
పెళ్ళి ఆదాయం హాలు యజమానికి ఆదాయమే, ఊరికి కాదు. ఈ హాలు లేకపోతే ఆ పెళ్ళి ఇంకో ఫంక్షన్ హాల్ల అయితుండె. ఎడమ జేబుల పైసలు కుడి జేబుల పెట్టుకున్నట్టు. పక్క జిల్లా నుంచో, వేరే రాష్ట్రం నుంచో పెళ్ళివారు దిగి గదులు తీసుకుంటే ఆ వరకు లెక్కేయొచ్చు.

ఆక్యుపెన్సీ చూసేటప్పుడు పెళ్ళిళ్ళు వేరే కాలమ్‌ల పెట్టమని అడుగుండ్రి. లగ్గాలున్న నెలల్ల హాలు కిటకిట, ఆషాఢంల, మూఢంల ఈగలు తోలుకునుడే. ఏడాది సగటు 55 శాతం అని రాస్తరు, అందుల బయటి మనుషులు వచ్చే సదస్సులు ఎంతో తెల్వదు. ఇంకోటి, ఆక్యుపెన్సీని రోజుల్లో చెప్తే నమ్మొద్దు. ఒక మూలన చిన్న గదిల 80 మంది మీటింగ్ అయినా ఆ రోజు 'బుక్ అయింది' అని రాసుకుంటరు. చదరపు మీటరు-రోజుల్లో అడగాలె: వాడిన వైశాల్యాన్ని రోజులతో గుణించి, మొత్తం ఉన్న చదరపు మీటరు-రోజులతో భాగించుడు. ఎగ్జిబిషన్ ఐతే స్టాళ్ళు కట్టనీకి రెండు రోజులు, పీకనీకి ఒక రోజు పోతది. అందుకనే 70 శాతం దాటించుడు దాదాపు ఎవరితోని కాదు. 85 శాతం అని అంచనా వేసిన రిపోర్టు కనబడితే అక్కడికే మూసెయ్యుండ్రి.

జీఎస్టీ_గిరి
ప్రభుత్వానికి పన్ను రూపంలో తిరిగొస్తుంది అనే పేరా కూడా ప్రతి రిపోర్టులో ఉంటుంది. మొత్తం ఖర్చు మీద 18 శాతం వేసి రాష్ట్ర ఆదాయం అని రాసేస్తారు. అలా కుదరదు, సప్లై ఎక్కడ జరిగినట్టు అన్న నియమాన్ని బట్టి పోతుంది.

హోటల్ గదికి, హాలు అద్దెకి ఆస్తి ఉన్న రాష్ట్రమే లెక్క, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సప్లైల మీద వేసే జీఎస్టీ) చట్టం సెక్షన్ 12(3). కాబట్టి ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో రాష్ట్ర వాటా) ఇక్కడికే వస్తుంది. కానీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల లోపు గదికి రేటు 5 శాతమే. అందులో రాష్ట్రానికి రెండున్నర. పంతులు గారి ఉదాహరణలో 78 లక్షల గదుల మీద రాష్ట్రానికి నేరుగా వచ్చేది రెండు లక్షల లోపు! హోటల్‌కి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నును తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) లేదు కాబట్టి వాళ్ళు కొన్నవాటి మీద పన్ను కొంత మిగులుతుంది, అయినా లక్షల మాటే గానీ కోట్ల మాట కాదు. 7,500 దాటితే 18 శాతం.

స్టాల్ అద్దె అలా కాదు. సదస్సు, ఎగ్జిబిషన్ నిర్వహణ సేవలకు 12(7) వర్తిస్తుంది. తీసుకునేవాడు రిజిస్టరైతే ఆయన రాష్ట్రమే లెక్క. హైటెక్స్‌లో అహ్మదాబాద్ కంపెనీ స్టాల్ తీసుకుంటే, ఇక్కడి నిర్వాహకుడు ఐజీఎస్టీ వేస్తాడు, రాష్ట్ర వాటా గుజరాత్‌కి పోతుంది.

ఇంకో మెలిక. ముంబై నిర్వాహకుడు ఇక్కడ హాలు తీసుకుంటే సీజీఎస్టీ (కేంద్ర వాటా), తెలంగాణ ఎస్‌జీఎస్టీ కడతాడు. ఇక్కడ రిజిస్ట్రేషన్ లేకపోతే క్రెడిట్ దొరకదు. అందుకే పెద్దవాళ్ళు క్యాజువల్ టాక్సబుల్ పర్సన్‌గా తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుంటారు. అప్పుడు ఆ ఎస్‌జీఎస్టీ క్రెడిట్‌ని స్టాళ్ళ ఐజీఎస్టీకి వాడుకుంటే, సర్దుబాటులో ఆ మొత్తం రాష్ట్రం నుంచి కేంద్రానికి వెళ్తుంది. రాష్ట్రానికి వచ్చిందనుకున్నది కూడా నిలవదు.

పట్టికల_పంతులు
గిరి గారు చెప్పింది బంగారం. ఇక మల్టిప్లయర్ సంగతి. 1.52 కోట్లు అన్నది కొత్తగా వచ్చిన అమ్మకం, ఊరి ఆదాయం కాదు. హోటల్‌వాడు ఆ డబ్బుతో బయటి నుంచి సరుకు కొంటాడు, బ్రాండుకి ఫీజు కడతాడు. జీతాలు, స్థానిక లాభాలు, అద్దెలు ఇవే విలువ జోడింపు. 45 శాతం అనుకుంటే 68 లక్షలు. అవుట్‌పుట్ మల్టిప్లయర్ అమ్మకాల మీద వేసేది. దాన్ని ఆదాయం అని చెప్పడం రెండో తప్పు.

అమెరికాలో ప్రాంతాల వారీగా రిమ్స్-2 గుణకాలు అక్కడి ఆర్థిక విశ్లేషణ బ్యూరో ఇస్తుంది. మనకు గణాంక శాఖ ఇచ్చే సప్లై-యూజ్ పట్టికలు (ఏ సరుకు ఎవరు తయారుచేశారు, ఎవరు వాడారు అని చూపేవి) దేశం మొత్తానికి. దేశానికి తీసిన గుణకం ఊరికి వేస్తే తప్పకుండా ఎక్కువొస్తుంది. బియ్యం మిర్యాలగూడ నుంచి వస్తే దేశం లెక్కలో అది లోపలే ఉన్నట్టు, హైదరాబాద్ లెక్కలో లీకేజి, అంటే ఊరు దాటిపోయిన డబ్బు. ఊరు చిన్నదైతే లీకేజి ఇంకా ఎక్కువ. నగర స్థాయిలో 1.5 దాటితే ఎలా వచ్చిందో చూపించమని అడగాలి. కుటుంబాల ఖర్చు కూడా లోపల కలిపిన గుణకమా, కలపనిదా అన్నది రాయకపోతే ఆ అంకెని తీసి పక్కన పెట్టొచ్చు.

ఉద్యోగాలు కూడా ఇలాగే ఊదుతారు. భోజనాలు వడ్డించే 200 మంది సప్లయర్లు మూడు రోజులు 12 గంటల చొప్పున పనిచేస్తే '200 ఉద్యోగాలు' అంటారు. మొత్తం 7,200 గంటలు. ఏడాదికి 300 రోజులు, రోజుకి 8 గంటలు అంటే 2,400. మూడు ఉద్యోగాలు.

మెట్రో_మూర్తి
ఇంత కుస్తీ ఎందుకు? హెచ్‌ఐసీసీ రాకముందు, వచ్చాక హైదరాబాద్ హోటల్ రంగాన్ని బెంగళూరు, చెన్నైలతో పోల్చి చూస్తే సరిపోదా?

సర్వే_సరళ
చూడొచ్చు మూర్తి గారూ, కానీ 2006లో హాలు, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం, అదే కాలంలో హైటెక్ సిటీ చుట్టూ కంపెనీలు, ఔటర్ రింగ్ రోడ్డు పనులు. పెరిగినదాంట్లో ఎవరి వాటా ఎంతో ఏడాది లెక్కల్లో విడదీయలేం. పైగా పెద్ద సదస్సులు భవనం తెరిచిన మర్నాడు రావు. గణిత కాంగ్రెస్‌కి హైదరాబాద్‌ని ఎంపిక చేసింది 2006 ఆగస్టులో, జరిగింది 2010లో. రెండో ఏడాదిలో కొలిస్తే తక్కువ చేసినట్టు, పదో ఏడాదిలో కొలిస్తే మిగతావన్నీ దానికే అంటగట్టినట్టు.

దానికన్నా రోజువారీ లెక్క మేలు. ఈవెంట్ ఉన్న తారీఖుల్లో హోటల్ ఆక్యుపెన్సీ, సగటు రేటు తీసుకుని, అదే నెలలో ఈవెంట్ లేని అదే వారాలతో పోల్చాలి. పండగలు, క్రికెట్ మ్యాచ్‌లు, పరీక్షల తారీఖులు తీసేయాలి. హాలుకి 3, 8, 15 కిలోమీటర్ల వలయాలుగా హోటళ్ళని విడగొడితే మల్లన్న గారు చెప్పిన 'జరగడం' కూడా కనబడుతుంది: దగ్గరివి నిండాయి, దూరంవి కూడా పెరిగాయా లేదా అని. దగ్గరివి పెరిగి, దూరంవి తగ్గకుండా ఉంటేనే నగరానికి అదనం.

వైజాగ్_వాసు
ముందస్తు అంచనాలకీ జరిగినదానికీ ఎంత దూరం ఉంటుందో అమెరికా అనుభవం చూడండి. శాన్ ఆంటోనియోలోని టెక్సస్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు హేవుడ్ శాండర్స్ 2005లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ కోసం రాసిన అధ్యయనం ప్రకారం 1990 తర్వాత అక్కడ కన్వెన్షన్ స్థలం 50 శాతానికి పైగా పెరిగింది, గిరాకీ మాత్రం పెరగకపోగా తగ్గుతూ వచ్చింది. ఊళ్ళు ఒకదానితో ఒకటి పోటీపడి అద్దెలు తగ్గించాయి, కొన్ని ఉచితంగానే ఇచ్చాయి. ఇప్పుడు మన దగ్గర ఢిల్లీలోనే 2023లో రెండు నెలల తేడాతో భారత్ మండపం, యశోభూమి తెరిచారు. విజయవాడలోనో విశాఖలోనో కట్టేవాళ్ళు పోటీపడాల్సింది వాటితో, హైదరాబాద్‌తో. అంచనాలో 'మార్కెట్ వాటా' అన్న ఒక్క అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే చాలు, చాలా రిపోర్టుల రంగు బయటపడుతుంది.

బెజవాడ_బాబ్జీ
చాలా సంతోషం అందరికీ. ఒక ఊరి పౌరసంఘం తరఫున అడగాలంటే ఏ కాగితాలు అడగాలి?

పట్టికల_పంతులు
కట్టబోయేదైతే రిపోర్టు కాదు, దాని వెనక ఎక్సెల్ అడగండి. అందులో బయటివాళ్ళ శాతం, రాత్రుల సంఖ్య, గదికి ఎంతమంది, ఎలాగూ వచ్చేవాళ్ళ కోత, ఈ నాలుగు గడులు ఉన్నాయా చూడండి. ఎలాగూ వచ్చేవాళ్ళ కోత ఉన్నది అరుదు. భూమి విలువ కూడా ఖర్చులో వేశారా చూడండి. ప్రభుత్వం ఎకరాలు ఇచ్చి 'మాకు ఖర్చేం లేదు' అంటే ఒప్పుకోకండి, ఆ భూమి వేరే పనికి ఇస్తే ఎంత వచ్చేదో అదే దాని ఖర్చు.

మాదాపూర్_మల్లన్న
నడుస్తున్నదైతే సమాచార హక్కు కింద అడుగుండ్రి. నడిపేది ప్రైవేటు కంపెనీ ఐతే వాళ్ళు మేం ఆ చట్టం కిందికి రాము అంటరు, భూమి ఇచ్చిన ప్రభుత్వ సంస్థను అడగాలె: లీజు అద్దె, ఆదాయ వాటా ఏటా ఎంత జమ అయింది, ఒప్పందం ప్రకారం రావాల్సింది ఎంత. ఈవెంట్ల లిస్టు తారీఖు, విస్తీర్ణం, రకంతోని. ఇంక నిర్వాహకులు సహకరిస్తే హోటళ్ళ పికప్ రిపోర్టు తెచ్చుకోండ్రి: బ్లాక్ చేసిన గదులెన్ని, నిజంగ తీసుకున్నయి ఎన్ని. బ్లాక్ బయట యాప్‌ల బుక్ చేసుకున్నోళ్ళు దాంట్ల రారు, వాళ్ళ కోసమే సరళ గారి సర్వేల హోటల్ పేరు అడిగేది.

సర్వే_సరళ
అవును. హోటల్ పేరుతో పాటు "నిర్వాహకుల లింకు ద్వారా బుక్ చేశారా, సొంతంగానా?" అని ఒక గడి పెట్టండి. సొంతంగా చేసుకున్నవాళ్ళ శాతం తెలిస్తే పికప్ లెక్కని దాంతో పెంచుకోవచ్చు. పికప్ 900 రూమ్ నైట్లు, సొంతంగా బుక్ చేసుకున్నవాళ్ళు 40 శాతం, అందరూ ఇంచుమించు అన్నే రాత్రులు ఉంటే మొత్తం 1,500. అది సర్వేలో విడిగా వచ్చిన రూమ్ నైట్ల సంఖ్యకి పది శాతం లోపు తేడాలో ఉంటే ముందుకెళ్ళండి. లేకపోతే రెంటిలో ఒకటి తప్పు, ఖర్చు లెక్క మొదలుపెట్టకముందే అది ఏదో తేల్చుకోవాలి.